నక్షత్రం నడిమధ్యన

"మేడమ్, ఒక డౌటు."

1996 నవంబరు. ఉదయగిరి హైస్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్. మైకు ముందు ఆత్మకూరు జూనియర్ కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్ సుకుమారి. ఆమె చేతిలో, పొద్దున బస్టాండు దగ్గర కొన్న చెక్క చెంచా.

"న్యూట్రాన్ నక్షత్రంలోంచి ఈ చెంచాడు పదార్థం తెచ్చి బల్ల మీద పెడితే, వందల కోట్ల టన్నులు తూగుతుంది" అని అప్పుడే చెప్పింది. పిల్లలు నోళ్ళు తెరిచారు.

డౌటు అడిగింది పిల్లవాడు కాదు. వెనక గోడకి ఆనుకున్న పాతికేళ్ళ యువకుడు. చొక్కా నిండా చెక్కపొట్టు.

"నక్షత్రం బరువంతా అదిమితేనే గదా అది అంత గట్టిపడింది? బయటికి తీస్తే చెంచాలో ఊరకుంటాదా?"

"చెంచా మీరు చెక్కిందా? విరుగుతుందని భయమా?"

హాలంతా నవ్వింది. అతను తల దించుకుని బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు కాలేజీ లైబ్రరీలో పుస్తకం తిరగేసిన సుకుమారికి చెవులు వేడెక్కాయి. అతనన్నదే నిజం. ఆ ఒత్తిడి తీసేస్తే చెంచాడు పదార్థం బల్ల మీద కూర్చోదు. బాంబులా పేలిపోతుంది.

ఆదివారం చర్చిలో ఆరాధన కాగానే ఉదయగిరి బస్సెక్కింది. కొండ కింది వీధుల్లో అడిగి అడిగి అతని దుకాణం పట్టుకుంది. పేరు సైమన్. తండ్రి పోవడంతో ఇంటర్ దగ్గరే చదువు ఆపి, గరిటెలు చెక్కుతున్నాడు.

"మీరడిగింది రైటు. నేను చెప్పింది తప్పు. ఎగతాళి చేసినందుకు సారీ."

సైమన్ ఉలి కింద పెట్టాడు. "ఇది చెప్పేదానికి ఆత్మకూరు నుంచి వచ్చినారా?"

"రెండు గంటలు నిలబడి వచ్చాను."

"అయితే ముందు కూర్చోండి!"

టీ తెప్పించి, మెల్లగా అడిగాడు. "ఆ నక్షత్రం నడిమధ్యన ఏముండాది మేడమ్?"

"న్యూట్రాన్లే నలిగి, వాటి లోపలి క్వార్కులు విడివడి ఉంటాయని కొందరంటారు. కాదని కొందరు. నిజం ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు."

"తెలీదని చెప్పిన టీచర్ని ఇప్పుడే చూస్తున్నా."

ఆమె నవ్వేసింది. బయట వాన పట్టుకుంది. నాలుగు గంటల బస్సు వెళ్ళిపోవడం ఇద్దరూ గమనించలేదు. తర్వాతి బస్సు వచ్చాక సైమన్ గోనెపట్టా ఆమె తలమీద పట్టి, తను తడుస్తూ ఎక్కించాడు.

అప్పట్నించి ప్రతి శనివారం గరిటెలు అమ్మడానికి ఆత్మకూరు వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా కాలేజీ గేటు దగ్గర ఒక ప్రశ్న. ఫిబ్రవరిలో హఠాత్తుగా మానేశాడు. మూడు శనివారాలు ఎదురుచూసి, సుకుమారే ఉదయగిరి బయల్దేరింది.

"ఏమైంది మీకు?"

"మీకు బ్యాంకు ఆఫీసరు సంబంధం చూస్తున్నారంట గదా. ఎమ్మెస్సీ చదివినోళ్ళకి చెక్కపని చేసేవాడితో ఏంది?"

"ఆ సంబంధం వద్దని నాయనకి చెప్పేశాను. ఎవరు కావాలో కూడా చెప్పేశాను. ఆ మనిషికి చెప్పడమొక్కటే మిగిలింది."

సైమన్‌కి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది.

"నువ్వు రాని శనివారం నాకు గడవడం లేదు సైమన్."

"నాకు వారమంతా గడవడంలా."

పై ఆదివారం సుకుమారి వాళ్ళ వరండాలో సైమన్ కుర్చీ అంచున కూర్చున్నాడు. ఎదురుగా ఆమె తండ్రి, రిటైరైన కాంపౌండరు పాల్.

"మా పిల్ల చెప్పే నక్షత్రాల సంగతులు నీకేమన్నా అర్థమవతాయా అబ్బాయ్?"

"సగం అర్థమవతాయి సార్. మిగతా సగం మళ్ళీ అడగతాను."

లోపల వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"నాకు ఒక్క ముక్క తెలీదు. ఇన్నేళ్ళలో అడగాలని కూడా తోచలా" అన్నాడు పాల్. తర్వాత లోపలికి కేకేశాడు.

"సుకుమారీ, ఈ అబ్బాయికి అన్నం పెట్టమ్మా. తిన్నాక ఇద్దరం పాస్టరుగారి దగ్గరికి పోయి పెళ్ళి తేదీ మాట్లాడొస్తాం."