ఎర్రమడి పిలుపు

మే నెల మధ్యాహ్నం చినగంజాం వైపు ఉప్పు మడుల్లో పిట్ట కూడా వాలదు. నేల తెలుపు, ఆకాశం తెలుపు. గాలి నిండా కుళ్లిన నాచు వాసన.

"అక్కడేం బతుకుతుంది మాస్టారూ?" అని అడుగుతారు మా బడి పిల్లలు. బతుకుతాయర్రా, అంటాను. మడి ఎర్రబడేది వాటివల్లే. కంటికి ఆనని జీవులు, ఎన్ని రకాలో. ఉప్పు గడ్డకట్టేటప్పుడు లోపల చిన్న నీటిబొట్టు చిక్కుకుంటుంది. అందులో ఏళ్ల తరబడి ఓపిగ్గా కాచుకుని ఉంటాయి.

ఆ ఎర్రనీళ్లు ఓ సీసాడు తెచ్చి మైక్రోస్కోపులో చూపించాలనిపించి ఎలీషాని అడిగాను. ఎలీషా ఆ మడుల మేస్త్రి. ఒకటో తరగతి నుంచీ నా పక్కన కూర్చున్నవాడు. వాడి ఒక్కగానొక్క కొడుకు ప్రభు, పాతికేళ్లవాడు, ఏడాదిగా మంచంలో ఉన్నాడు. ఎంత తాగినా దాహం, పెదాల మీద తెల్లటి పెచ్చు. ఒంగోలు డాక్టర్లకీ, గుంటూరు డాక్టర్లకీ అంతుపట్టలేదు. వాడి కోసం నేను మూడు రోజులు ఉపవాస ప్రార్థన చేశాను.

"ఇవాళే ఎర్రబడింది, రారా," అని ఫోన్ చేశాడు ఎలీషా.

గట్టు మీద పారలు పట్టుకుని కూలీలు నిలబడి ఉన్నారు. ఎవరూ ఇంకా మడిలోకి దిగలేదు.

"చెప్పులు విప్పు. పంతులు కాళ్లకి కాస్త ఉప్పు తగలనీ," అన్నాడు. నా చేతిలో సీసా అందుకుంటూ, నా మొహం చూడకుండానే అన్నాడు. తర్వాత మడివైపు తిరిగి నా పూర్తి పేరు గట్టిగా పిలిచాడు. "దారా ఇమ్మానియేలూ..."

"ఏంట్రా, హాజరు వేస్తున్నావా? ఉన్నాను సార్," అని నవ్వుతూ దిగాను.

నీళ్లు గోరువెచ్చగా, నూనెలా ఉన్నాయి. అడుగున ఉప్పు పెళపెళలాడింది. ఆ తర్వాత... అరికాళ్ల కింద ఏదో కదిలింది. వేళ్ల సందుల్లోంచి పైకి... ఒకటి కాదు. చాలా. దేని కదలిక దానిదే.

"ఎందుకు పలికారు మాస్టారూ?" ఖాజాబీ అనే ముసలి కూలీ గొణిగింది. "ఎర్రబడిన రోజు మేస్త్రి ఒకరి పేరు పిలుస్తాడండి. ఆ మనిషి పలక్కూడదు. పలక్కపోతే ఎవరూ లేరనుకుంటుంది మడి. అప్పుడు దిగుతాం. పోయినేడు ప్రభు తెలీక పలికాడు..."

"ఇప్పుడో?"

"ఇంకొకరు పలికితే... పాతవాణ్ణి వదిలేస్తుందంట."

గట్టు వైపు చూశాను. ఎలీషా చెయ్యి అందించలేదు.

"ఒక్కడే కొడుకురా," అన్నాడు. నా సీసా గట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి గుమ్మంలోంచే నా భార్యని పేరు పెట్టి పిలిచాను, వంటింట్లోంచి పలికింది. సాయంత్రానికి నాలుక పిడచకట్టింది. నాలుగో చెంబు ఎత్తుతుంటే ప్రభు వచ్చాడు. తన కాళ్ల మీద తనే నడిచి వచ్చాడు. పెదాలు నున్నగా ఉన్నాయి. చెంబు పట్టుకుని ఆపాడు.

"తాగకండి. మంచినీళ్లు తగిలితే లోపలున్న వాళ్లు పగిలిపోతారు... అరుస్తారు."

"మీ నాన్న పంపాడా?"

"ఆయనకి తెలీదు." వంగి నా గుండెకి చెవి ఆనించాడు. చాలాసేపు విన్నాడు. తన గుండె మీద కూడా చెయ్యి పెట్టి చూసుకున్నాడు.

"అందరూ మీ దగ్గరికి రాలేదు మాస్టారూ. మిగిలినవాళ్లు నాలోనూ లేరు."

"మరి...?"

వంటింట్లో గుటకల చప్పుడు. తొంగి చూశాను. మడుల వైపు ఏనాడూ పోని నా భార్య దేవకుమారి, బిందె రెండు చేతులా ఎత్తి, ఊపిరి తీసుకోకుండా తాగుతోంది.