శనివారం సూది

“సార్, ముసలాయన పోతే నన్ను జైల్ల పెడ్తరు,” అంటూ వచ్చిన ప్రేమలత కుర్చీలో కూలబడింది. హనుమకొండ చౌరస్తాలో మేడ మీదున్న ఆ ఆఫీసుకు భయపడి వచ్చేవాళ్లు కొత్త కాదు. అయినా ఇంతగా వణికే మనిషిని రమ్య చూడలేదు. మంచినీళ్లిచ్చి, తన గురువు పాండురంగం వైపు చూసింది. ఆ ప్రైవేట్ డిటెక్టివ్ కళ్లు మూసుకుని వింటున్నాడంటే ఎవరికో మూడినట్టేనని ఆమె నమ్మకం.

మంచాన పడ్డవాళ్లకు ఇళ్లకు వెళ్లి సేవచేసే ఒక హోమ్ కేర్ కంపెనీ ఫ్రాంచైజీని ప్రేమలత మొన్నటిదాకా నడిపింది. కంపెనీ యజమాని ఓంప్రకాశ్, ఒకప్పటి కాంపౌండర్, పెట్టే బాధలు పడలేక మానేసింది. ఆమె మానేసినా అగ్రిమెంటు ఆమెను వదల్లేదు. రెండేళ్లపాటు వరంగల్‌లో ఆ పని చేయకూడదు, పాత పేషెంట్ల గడప తొక్కకూడదు.

“నా పాత పేషెంటు, కాశిబుగ్గ కిషన్ రావు సార్ మొన్న శనివారం సోయి తప్పిండు. ఎవరో ఇన్సులిన్ ఇచ్చిండ్రట. మంచం కాడ సిరంజి, నా పేరున్న ఏప్రాన్ దొరికినయి. నేను పోనే లేదు సార్. ఏప్రాన్లన్నీ మానేసిన నాడే కంపెనీల అప్పజెప్పిన. పిన్నీసు సుత ఉంచుకోలె.”

కిషన్ రావు ఇల్లు వాళ్ల నూలు దుకాణం వెనకే. ఆయన ఇంకా దవాఖానలోనే ఉన్నాడు. ఖాళీ మంచం మీద దుప్పటి ఇంకా అలాగే ముద్దగా పడి ఉంది. ఎవరో ఇంటి మనిషిలా నడిచొచ్చి, నోరు మెదపలేని మనిషికి సూది గుచ్చి పోయారు.

“పొద్దుగాల కంపెనీ పిల్ల రాలె. నేను దుకాణంల ఉన్న. వెనక దర్వాజ తీసే ఉంటది,” అంది కోడలు శకుంతల. “మధ్యాహ్నం అన్నం తీస్కపోతే మామయ్య చెమటలతోని తడిసి, పిలిస్తే పలుకలె.”

“పొద్దున ఏం పెట్టిండ్రమ్మా?” అడిగాడు పాండురంగం.

“శనివారం ఒక్కపొద్దు గద. పక్షవాతమొచ్చినా విడువలె. మధ్యాహ్నం దాకా పొయ్యే ముట్టియ్యం. ప్రేమలతైతే అన్నం గిన్నె ముందట పెట్టినంకనే సూది ఇచ్చేది.”

కంపెనీ ఆఫీసులో ఓంప్రకాశ్ చాయ్ తెప్పించి మరీ మర్యాద చేశాడు.

“ఇందుల ఏముంది సార్? ఆ ప్రేమలత పాత పేషెంట్లను గుంజుకుంటాంది. పొద్దుగాల టిఫిన్ తినంగనే ఎప్పటి లెక్క సూది వేసి పోయింది. ముసలి పానం, తట్టుకోలె. అగ్రిమెంటు తప్పినందుకు నేను కేసు వేస్తున్న.”

పాండురంగం చాయ్ ముట్టకుండానే లేచాడు.

మర్నాడు ఎస్సై సమక్షంలో అందరినీ కిషన్ రావు ఇంట్లో కూర్చోబెట్టాడు.

“ప్రేమలత చంపాలనుకుంటే పేరున్న ఏప్రాన్ వదిలిపోదు. సేవకని వస్తే ఒక్కపొద్దు నాడు అన్నం లేకుండ సూది ఇయ్యదు, షుగర్ పడిపోతదని ఆమెకు తెలుసు. అంటే వచ్చింది ఆమె కాదు. వచ్చినోనికి చంపే ఉద్దేశం సుత లేదు. ఆమె దొంగతనంగ వచ్చి పనిచేస్తాందని చూపియ్యాలె, అంతే. దాంతోని ఎవలికి లాభం? ఆమె ఇచ్చేసిన ఏప్రాన్లు ఎవల స్టోర్ల ఉన్నయి?” ఓంప్రకాశ్ వైపు తిరిగాడు. “టిఫిన్ తినంగనే అన్నరు. ఆ పొద్దు ఈ ఇంట్ల పొయ్యే ముట్టియ్యలె. ముసలాయనను చూసిందే మధ్యాహ్నం. సూది పొద్దున పడ్డదని మీకెవలు చెప్పిండ్రు?”

ఓంప్రకాశ్ ముఖం పాలిపోయింది.

“రోజూ ఇచ్చే డోసే గద సార్,” అన్నాడు చివరికి. “ఒక్కపొద్దని నాకెట్ల తెలుస్తది?”

ఎస్సై అతని భుజం మీద చెయ్యి వేశాడు. రమ్యకు గెలిచిన సంతోషం కలగలేదు. తన పేషెంటు ఎప్పుడు తింటాడో కూడా తెలియనివాడి చేతిలో ఊళ్లో ఇంకెన్ని మంచాలున్నాయోనని భయం వేసింది.

సాయంత్రం కిషన్ రావు కళ్లు తెరిచాడని దవాఖాన నుంచి కబురొచ్చింది. అందరూ వెళ్లారు. ప్రేమలత మాత్రం వార్డు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ముసలాయన కదిలే ఆ ఒక్క చెయ్యి ఎత్తి రమ్మన్నాడు.

“పోవచ్చా సార్? రెండేండ్లు ఇంకా నిండలె.”

“అది కోర్టు చెప్పాలమ్మా,” అన్నాడు పాండురంగం, తల దించుకుని. ఆయన మీద రమ్యకు మొదటిసారి కోపం వచ్చింది.

శకుంతల విసురుగా వచ్చి ప్రేమలత రెక్క పట్టుకుని లోపలికి గుంజింది.

“కోర్టు చెప్పేదాంక ఆయన నీళ్లు తాగద్దా? నా చేత తాగుతలేడు. తాపియ్యి.”