పోను పదహారు, రాను పదిహేడున్నర

వానకి తలదాచుకోవడానికి వచ్చినవాడు మెట్టు మీద నిలబడి ఊరుకోవచ్చు కదా. ఆ అబ్బాయి తిన్నగా లోపలికొచ్చి, ట్రావెల్ ఆఫీసు గోడ మీది బోర్డు తప్పన్నాడు.

బోర్డు రాసింది కౌంటర్లో కూర్చున్న అమ్మాయే. కొత్తగా మొదలైన విమానం సంగతి అది. దూరం పద్నాలుగు వేల కిలోమీటర్లు, ప్రయాణం పదహారు గంటలు, పోనూ రానూ అంతే. ఆఫీసు ఆమె వదినది. బోర్డు మీది తప్పొప్పులు మాత్రం ఈమెవి.

"రాను పదిహేడున్నర పడుతుందండీ," అన్నాడతను. "పోయేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంది. వచ్చేటప్పుడు ఎదురొస్తుంది."

"గాలిని మీరేమైనా పెంచుకుంటున్నారా?"

పెంచుకోవడం లేదు గానీ, అతను ఎయిర్‌పోర్టులో డిస్పాచర్. ఏ విమానం ఏ దారిన పోవాలో, ఎంత ఇంధనం నింపాలో లెక్కగట్టడం అతని పని. ఆ మాట విన్నా ఆమె తగ్గలేదు. ఇంటి గుమ్మం నుంచి టాక్సీ, అక్కడ క్యూ, దిగాక సూట్‌కేసు కోసం పడిగాపులు, ఇవన్నీ మీ లెక్కలో ఎందుకు లేవని నిలదీసింది. వదిన ఫైలు చాటున నవ్వుకుంది.

అప్పట్నుంచి డ్యూటీ దిగగానే వచ్చేవాడు. ఇవాళ గాలి ఎక్కువ, పది నిమిషాలు కలపండి అనేవాడు. ఆమె గొణుక్కుంటూనే చెరిపి రాసేది. ఒకరోజు టేబుల్ మీది గ్లోబుకి దారం పట్టి, మ్యాపులో తిన్నగా కనిపించే దారే అసలు చుట్టుదారని చూపించాడు. దారం రెండో కొస ఆమె పట్టుకుంది. చూపించడం అయిపోయాక కూడా ఇద్దరూ వదల్లేదు.

"మిగతా విమానాలకి గాలి తగలదా బాబూ?" అని వదిన అడిగితే అతని చెవులు ఎర్రబడ్డాయి.

నెల తిరక్కుండానే మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఆ విమానం దిగే అవతలి ఎయిర్‌పోర్టుకే తనని రెండేళ్ళు వేశారట. వెళ్తాడో లేదో సాయంత్రంలోగా తన ఆఫీసుకి చెప్పాలి.

"మీరేమంటారు?" అని అడిగాడు.

ఆమె నోరు పాత అలవాటు మానలేదు. "పదహారు గంటలే కదా. ఓ కునుకు తీస్తే వచ్చేస్తుంది. వెళ్ళిరండి," అంది.

అతను తలూపి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. బోర్డు వంక కూడా చూడలేదు.

వదిన ఫైలు మూసింది. "అక్కర్లేని చోట వాగుతావు, కావలసిన చోట మొండికేస్తావు. ఏం మనిషివే నువ్వు? మీ అన్నయ్యకి నేను చెప్పుకుంటాను. ముందు పరిగెత్తు."

బస్టాపులో దొరికాడు. ఫోను చేతిలో ఉంది గానీ ఇంకా ఎవరికీ చెయ్యలేదు.

"ఇందాక అబద్ధం చెప్పాను," అంది ఆయాసపడుతూ. "నువ్వొక్క పూట రాకపోతేనే నాకు తోచదు. రెండేళ్ళు నా వల్ల కాదు. ఉద్యోగం వదులుకోమనను. వెళ్ళు. కానీ నన్ను పెళ్ళి చేసుకుని తీసుకెళ్ళు."

మీరు కాస్తా నువ్వయిన సంగతి ఇద్దరిలో ఒక్కరూ గమనించలేదు. బస్సు వచ్చింది, ఇద్దరి వంకా చూసి పోయింది.

అతను ఆమె చెయ్యి పట్టుకునే, రెండో చేత్తో ఆఫీసుకి ఫోన్ చేశాడు. వెళ్తానని చెప్పాడు. అవతలివాళ్ళు సంతోషించి, ఇల్లు చూసిపెట్టమంటారా అని అడిగారు.

"చూడండి," అన్నాడు. "ఇద్దరికి సరిపోయేది."