నాలుగో గదిలో చప్పట్లు

మే నెల, మిట్టమధ్యాహ్నం. చిలకలూరిపేట రోడ్డు మీద ఎండ మాడ్చేస్తోంది. చీరాల నుంచి రెండు బస్సులు మారి వచ్చిన ఆరాధన కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర దిగి, ముందు కడుపునిండా మంచినీళ్ళు తాగింది. గోడ అవతల వేల బస్తాల ఎండుమిర్చి ఉంది. ఆ ఘాటు రోడ్డు మీదికే కొడుతోంది.

ఆమెకి ఇక్కడేం పనంటారా? ఈ స్టోరేజీలో తలుపులు వేయడం, చలి పెంచడం, తగ్గించడం అన్నీ ఓ ఏఐ ఏజెంటు, అంటే తనంతట తాను పనిచేసే కంప్యూటరు ప్రోగ్రాము, చూసుకుంటుంది. దానికి కళ్ళూ లేవు, పాడూ లేదు. ఏ టూలు, అంటే ఏ పనిముట్టు, ఏం చేస్తుందో, ఎప్పుడు వాడాలో మనిషి రాసిపెట్టిన నాలుగు ముక్కలే దానికి లోకం. ఆ ముక్కలు రాసేది ఆరాధన. ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని రాసేది. స్టోరేజీలో కాలు పెట్టడం ఇదే మొదలు.

తలుపు వేసేముందు గదిలోకి మైకులో పిలిచే టూలు ఒకటుంది. దానికి ఆమె ఇలా రాసింది: 'లోపల ఎవరైనా ఉన్నారా అని అడుగుతుంది. మాట వినిపిస్తే మనిషి ఉన్నట్టు. మాట లేకపోతే ఎవరూ లేనట్టు.' శుభ్రంగా ఉంది కదూ? ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు కూడా.

కానీ మిర్చి గదిలో ఎవరూ నోరు తెరవరు. ముఠా కూలీలు ముక్కూ మూతీ తువ్వాలుతో బిగించి కట్టుకుంటారు. పిలిస్తే చప్పట్లు కొడతారు. ఏ కూలీని అడిగినా చెప్పేవాడే. ఆరాధన అడగలేదు, అంతే.

పోయిన నెల, నాలుగో గదిలో సాల్మన్ అనే కూలీ ఉండగా ఏజెంటు పిలిచింది. అతను చప్పట్లు కొట్టాడు. మాట రాలేదు గనక ఏజెంటు తలుపు వేసేసింది. లోపల నుంచి తలుపు తీసుకునే గడియ ఎప్పుడో పాడైపోయింది. తెల్లారి తలుపు తీసేసరికి సాల్మన్ గుమ్మం దగ్గరే ముడుచుకుని చనిపోయి ఉన్నాడు.

ఆ గది మైకులో పడ్డ రికార్డింగు మొదట విన్నది ఆరాధనే. చప్పట్లు ముందు మామూలుగా, తర్వాత గబగబా, ఆ తర్వాత తలుపు మీద... వింది. చెరిపేసింది. విచారణకొచ్చిన వాళ్ళతో జవాబేమీ రాలేదండీ అంది. తాగి పడుకున్నాడేమో అని ఓ మాట కూడా కలిపింది. సాల్మన్ భార్య అంకమ్మ అది విని, ఆయన బతుకులో చుక్క ముట్టలేదమ్మా అని ఏడ్చిందట. ఆ సంగతి చెవిన పడ్డ దగ్గర్నుంచీ ఆరాధనకి ముద్ద దిగడం లేదు. ఎలా దిగుతుంది?

ఆనక ఎవరికీ చెప్పకుండా 'చప్పట్లు వినిపించినా మనిషి ఉన్నట్టే' అని వివరణలో చేర్చింది. ఆ రోజు నుంచీ నాలుగో గది తలుపు పడటం లేదు. కూలీలంతా బయటే నిలబడి ఉంటారు. ఏజెంటు పిలుస్తుంది. లోపల నుంచి చప్పట్లు వస్తాయి.

యజమాని చైతన్యకృష్ణ ఆమెని చూడగానే మొత్తుకున్నాడు. సరుకు చెమ్మ పట్టిపోతోందట, రైతులు రేపో మాపో మీదపడతారట. ఏదో మార్చే ఉంటావు, అది తీసెయ్యమ్మా అన్నాడు. ఆరాధన లాప్‌టాప్ తెరిచి ఆ వాక్యం తీసేసింది. తీశాక మనసు ఒప్పుకోలేదు. తలుపు పడేలోపు ఒక్కసారి కళ్ళారా చూసుకుంటానని, చున్నీ మూతికి చుట్టుకుని లోపలికి నడిచింది.

అడుగు పెట్టగానే మధ్యాహ్నం మాయమైపోయింది. లోపలంతా చీకటి. చెక్క అటకల మీద పైకప్పు దాకా బస్తాలే. చెమట చల్లబడి వీపుకి అంటుకుంది. మిర్చి ఘాటు, గోనె వాసన, దాని కింద తడి తువ్వాలు వాసన లాంటిదేదో. ఫోను వెలుతురులో ఆమె చివరి అటక దాకా వెళ్ళి చూసింది. ఎవరూ లేరు. హమ్మయ్య అనుకుంది.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

మైకు... ఏజెంటు. వాక్యం తీసేయగానే అది పని మొదలుపెడుతుందని ఆమెకి తట్టనే లేదు.

చున్నీ కిందికి లాగి నోరు తెరిచింది. ఘాటు గొంతులో దిగింది. కళ్ళు మండిపోయాయి. దగ్గు... ఊపిరి లేదు... మాట లేదు. తలుపు వైపు పరుగెత్తుతూ చప్పట్లు కొట్టింది. మళ్ళీ కొట్టింది. గబగబా కొట్టింది.

"మాట వినిపించలేదు. తలుపు వేస్తున్నాను."

వెలుగు సన్నబడుతోంది. జానెడు... బెత్తెడు... ఆమె అరిచేతులతో తలుపు బాదింది. ఇలాగే బాదాడు కదా, దేవా, ఇలాగే బాదాడు.

అప్పుడు చెవి పక్కనే, గుడ్డ అడ్డంగా ఉన్నట్టు, ఓ మగ గొంతు మెల్లగా అంది.

"ఉందయ్యా. ఆడబిడ్డ ఉంది... ఆగు."

తలుపు ఆగింది. వెనక్కి జరిగింది.

ఆరాధన వెనక్కి చూడలేదు. ఎండలోకి వచ్చి చైతన్యకృష్ణ కాళ్ళ దగ్గర కూలబడింది. తాగుబోతని తను నింద వేసిన మనిషే తనని బతికించాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఇక దాచకూడదు. సాల్మన్ చప్పట్లు కొట్టాడని, విన్నానని, చెరిపేశానని ఇప్పుడే ఈయనతో చెప్పాలి, పోయి అంకమ్మతో చెప్పాలి. నోరు తెరిచింది. దగ్గే వచ్చింది.

గుమ్మం మీది మైకు మళ్ళీ పలికింది.

"లోపల మాట్లాడినాయన ఇంకా బయటికి రాలేదు. తలుపు వేయమంటారా?"

అలా అడగమని ఆరాధన ఏ టూలుకీ రాయలేదు. చైతన్యకృష్ణ మొహంలో నెత్తురు చుక్క లేదు. నువ్వే చెప్పమ్మా అన్నట్టు ఆమె వైపు చూశాడు. ఆమె వద్దు వద్దని తల ఊపింది. చున్నీ రెండు చేతులతో నోటికి అదిమిపట్టి దగ్గు ఆపుకుంటోంది.

"ఎవరూ లేరండీ. తాగి పడుకున్నాడేమో. వేసెయ్యండి."

తలుపు కదిలింది. ఆ మాట వచ్చింది గది లోపల నుంచి. ఆ గొంతు ఆరాధనది.