హనుమంతు నిద్రలో ఆడిన ఆట

మొదటి షిఫ్టు దిగి హనుమంతు క్వార్టరుకు వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. బెల్లంపల్లికి ముసురు పట్టి నాలుగు రోజులైంది. స్నానం చేసి, భార్య భూమవ్వ పెట్టిన అన్నం తిని, కిటికీ పక్క మంచం మీద ఒరిగాడు. ముప్పై ఏళ్లుగా బొగ్గు బావిలో నీళ్లు తోడే పంపు దగ్గర పని. ఎప్పుడో నీళ్లు ముంచెత్తి కొందరు లోపలే ఉండిపోతే మూసేసిన పాత గనికి అడ్డంగా కట్టిన గోడ పక్కన, రోజూ ఎనిమిది గంటలు ఒక్కడే కూర్చోవాలి. పైకొచ్చాక ఒంట్లో ఏమీ మిగలదు. ఉన్న సరదా ఒక్కటే, ఫోన్లో చదరంగం.

ఈ మధ్య గెలుపులు ఎక్కువయ్యాయి. ఆడుతూ ఆడుతూ కునుకు పట్టేది. లేచి చూస్తే గెలిచి ఉండేవాడు. దాని గురించి ఆలోచించే ఓపిక కూడా లేకపోయింది.

ఆ రోజు ఆట తెరుచుకోలేదు. ఎర్ర అక్షరాలు కనిపించాయి: "మీరు వేరొకరి సాయంతో ఆడుతున్నారు. మీ ఖాతా మూసేశాం."

మర్నాటికి అందరికీ తెలిసిపోయింది. కాలనీలో చదరంగం పోటీలు నడిపే బడి వ్యాయామం సారు సాయిచంద్, కాలనీ జట్టులోంచి అతని పేరు కొట్టేశాడు. క్యాంటీన్లో "దొంగాట" అని నవ్వారు. ఇన్నేళ్ల సర్వీసులో ఒక్క మాట పడని మనిషి. కోపం రాలేదు. అలసట వచ్చింది.

"మా ఇంటికి రా సారూ. నా ఎదురుంగ కూసో. కొత్త ఖాతాల ఆడుత. ఎవలన్న చెప్తున్నరేమో నువ్వే చూడు," అన్నాడు సాయిచంద్‌తో.

రెండు రోజులకు సాయిచంద్ వచ్చాడు. భూమవ్వ చాయ్ ఇచ్చి పక్కింటికి పోయింది. ఆట మొదలైంది. పది ఎత్తుల దాకా హనుమంతుకు గుర్తుంది. బయట వాన ఒకే తీరుగా కురుస్తోంది. రెప్పలు బరువెక్కాయి...

వాసనకు మెలకువ వచ్చింది. కుళ్లిన దుంగలు. ఏళ్లుగా నిలిచిన నీళ్లు. అది ఆ గోడ దగ్గరి వాసన. ఇంట్లోకి ఎట్లా వచ్చింది?

ఫోన్ చూశాడు. ఆట అయిపోయింది. గెలిచాడు.

సాయిచంద్ చాయ్ ముట్టలేదు. తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

"కాకా..." అన్నాడు. "నువ్వు గుర్క వెట్టినవ్."

"మరి ఆడిందెవలు?"

"నీ చెయ్యే... కండ్లు మూసే ఉన్నయ్. గుర్రాన్ని బలిచ్చిండు. గసొంటి ఎత్తు నేనెన్నడు చూడలే."

"బలిచ్చిండంటవేంది? ఎవలు?"

సాయిచంద్ చెప్పులు చేతబట్టుకుని వానలోనే వెళ్లిపోయాడు.

సాయంత్రానికి కొత్త ఖాతా కూడా మూతపడింది. హనుమంతు ఈసారి ఎవరితోనూ వాదించలేదు. వేరొకరి సాయం అన్నది నిజమే కదా. ఆటను ఫోన్లోంచి తీసేశాడు. ఇక బావిలోకి దిగలేనని, పైన ఏదైనా పని ఇప్పించమని దరఖాస్తు పెట్టుకున్నాడు. ఇచ్చారు.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు.

లేచేసరికి భూమవ్వ గడప అవతల నిలబడి ఉంది. లోపలికి రావడం లేదు.

"ఏమైందే?"

"నిద్రల మాట్లాడినవ్."

"ఏమన్న?"

"'ఇగ నీ వంతు' అన్నవ్..." ఆమె మంచం కిందికి చూసి, చూపు తిప్పుకుంది. "కిందికెల్లి 'ఊ' అన్నరయ్యా... ఒక్కలు గాదు."