ఉడకబెట్టిన తీగలు

"పేనవే పేనవే చిన్నక్కా తాడు,
ఒంటి పోగు తెగిపోనూ, జంట పోగు ఆగేనూ..."

ఆ తర్వాతి వరస ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. మా పుట్టింట్లో తాళ్ళు పేనేవాళ్ళు. ఆ పాట లేనిదే మా అమ్మకి చేతులు ఆడేవి కావు. అందుకేనేమో, మనవరాలు నన్ను వాయిద్యాల కొట్టుకి తీసుకెళ్ళి తీగలు చూపిస్తే నాకు ముచ్చటేసింది. లోపల ఉక్కు తీగ, దాని చుట్టూ ఇంకో తీగ, చుట్టుని చుట్టు ఆనుకుని ఎంత ఒత్తుగా చుట్టారో. మనిషికి ఎంత ఓపికమ్మా అనుకున్నాను.

నాకు అక్షరాలు నేర్పింది ఈ పిల్లే, నా జుట్టంతా నెరిశాక. దాని సంగతి రాయడానికే అవి పనికొస్తాయని అప్పుడెవరనుకున్నారు.

దాని నాన్న, అంటే మా అబ్బాయి, బ్యాండులో బాస్ గిటార్ వాయించేవాడు. లావుపాటి నాలుగు తీగలుంటాయి దానికి. వాడు మీటితే చప్పుడు చెవిలోకి కాదు, కడుపులోకి వచ్చేది. రోడ్డు మీద లారీ గుద్ది పోయాడు. వాడి చోట్లోకి పిల్ల వెళ్ళింది. వాడి గిటారే, వాడి పాటలే. కానీ వాడి చప్పుడు రావడం లేదని దానికి ఒకటే దిగులు. అన్నం ముందు కూర్చుని కంచం అంచు మీద వేలు రాసుకుంటూ ఉండేది, ఆ చప్పుడు ఎక్కడ దాక్కుందో అన్నట్టు.

కొట్టతను మా వాడి స్నేహితుడే.

"ఇవి ఫ్లాట్ వౌండ్ అమ్మడూ. పైన చుట్టిన తీగ బద్దలా చదునుగా ఉంటుంది. వేలు ఎంత జరిపినా చప్పుడుండదు."

"సబ్బు ముక్కలా ఉంది బాబాయ్. నాన్న వేలు జరిపితే గర్రుమనేది."

"అయితే నీకు రౌండ్ వౌండ్ కావాలి. గుండ్రటి తీగ చుడతారు, అందుకే చుట్టుకీ చుట్టుకీ మధ్య ఆ సందులు. ఆకురాయిలా ఉంటుంది, వేళ్ళు జాగ్రత్త."

ఉక్కువి బిగించాడు. నికెల్‌వి బిగించాడు. లావువీ సన్నవీ మార్చి మార్చి చూపించాడు. పిల్ల మీటడం, తల అడ్డంగా ఊపడం.

"బట్టల కొట్లో కూడా ఇన్ని తానులు విప్పించరు పిన్నిగారూ," అన్నాడు నాతో.

"వాళ్ళ నాన్న పోలిక నాయనా. కొత్త చెప్పులు ఎంచుకునేలోపు ఉన్నవి అరగదీసేవాడు."

పిల్ల నవ్వలేదు. "నాన్న వేసుకున్న పాత తీగలు ఇంట్లో ఉన్నాయి బాబాయ్. అవీ రౌండ్ వౌండే. చచ్చుపడిపోయాయి. వాటినేం చెయ్యలేమా?"

అతను విప్పిన తీగలు చుట్టచుట్టి పక్కన పెట్టాడు. "మరిగే నీళ్ళల్లో ఉడకబెడితే సందుల్లో ఇరుక్కున్న చెమటా మురికీ వదిలి మళ్ళీ మోగుతాయి. మేమంతా చేసిందే. కానీ ఎవరి తీగలు వాళ్ళే ఉడకబెట్టుకోవాలి అనేవాళ్ళు మాలో."

"ఎందుకని?"

"ఏమోనమ్మా. పెద్దవాళ్ళు అనేవాళ్ళు, మేం విన్నాం. ఈ కొత్తవి పట్టుకెళ్ళు, నా మాట విను."

వినలేదు. వినమని నేనూ అనలేదు.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. వంటింట్లో వెలుతురు చాలక దీపం వేశాం. పెద్ద గిన్నెలో నీళ్ళు తెర్లుతుంటే పిల్ల ఆ తీగల్ని చుట్టలు చుట్టి అందులో వదిలింది. నీళ్ళు ముందు పసుపుపచ్చగా, తర్వాత బూడిదరంగుకి తిరిగాయి. ఏవో సన్నటి పొరలు పైకి తేలాయి. చర్మం పొట్టులాగా... ఇనుము వాసన వచ్చింది. దాని వెనకే ఇంకో వాసన. సిగరెట్టూ, చెమటా కలిసిన చొక్కా వాసన. నేను గిన్నె మీదకి వంగి ఆ ఆవిరి గుండెనిండా పీల్చుకున్నాను. తల్లిని కదా.

తుడిచి, ఆరబెట్టి, బిగించి మీటింది.

గర్ర్...

వాడే. వేలు కిందికి జారుతూ జారుతూ మధ్యలో ఒక్క క్షణం ఆగడం కూడా వాడిదే. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చాం. ఇంకోసారి అన్నాను నేను. నేనే అన్నాను.

బయట చీకటి పడింది. వాన ఆగలేదు. పిల్లా ఆగలేదు.

"చాల్లే తల్లీ, లేచి రెండు మెతుకులు తిను."

మీటుతూనే ఉంది. వేలికొసలు ఎర్రగా కందాయి. తర్వాత చిట్లాయి. ఆ సందుల్లోకి నెత్తురు దిగుతోంది... తీగ తాగుతున్నట్టు. పిల్ల తల ఎత్తి నా వంక చూసింది. ముఖం తెల్లగా పాలిపోయి ఉంది.

"ఆపలేకపోతున్నా నానమ్మా," గొణిగింది. "చెయ్యి నాది కాదు."

దాని చెయ్యి పట్టుకుని లాగాను. కదల్లేదు. దాని మీద ఇంకెవరిదో బరువుంది.

గిటార్ పెట్టెలో మా వాడి కటింగ్ ప్లేయరు దొరికింది. "నాయనా, పసిదిరా, వదిలెయ్యరా," అన్నాను. "కావాలంటే నన్ను తీసుకెళ్ళు. నేను బతికి చేసేదేముంది." ఆ గర్రుమనే చప్పుడే బదులు.

సన్న తీగ కోశాను. ఠంగుమని నా చెంప చీరింది. రెండోది. మూడోది. ఆఖరిది, అన్నిటికన్నా లావుది, దాని దగ్గర నా చెయ్యి ఆగింది. ఇది తెగితే వాడు మళ్ళీ పోతాడు. మళ్ళీ నేనే చూడాలి.

"నానమ్మా..." అంది పిల్ల.

రెండు చేతులతో బలం కొద్దీ నొక్కాను.

చప్పుడు ఆగింది. పిల్ల నా ఒళ్ళోకి ఒరిగిపోయింది. దాని వేళ్ళకి తడిగుడ్డ చుట్టి, ముంజేయి నిమురుతూ కూర్చున్నాను. చూరు నుంచి నీళ్ళు కారుతున్నాయి. హమ్మయ్య అనుకోబోయాను.

గర్ర్...

గిటార్ వంక చూశాను. తెగిన తీగలు వంకర్లు తిరిగి నేల మీద పడున్నాయి. ఏదీ కదలడం లేదు.

గర్ర్...

నా అరచేతి కింద.

చెయ్యి తీసి చూశాను. పిల్ల ముంజేతి మీద, చర్మం కింద, నరం ఒకటి లేచింది. మణికట్టు నుంచి మోచేతి దాకా, గీత గీసినట్టు. దాని పక్కన ఇంకొకటి... ఇంకొకటి...

నరాలన్నీ బాగానే ఉన్నాయంటారు డాక్టర్లు. పిల్ల మాత్రం అప్పటినుంచి నోరు విప్పలేదు. ఆ రాత్రి నా మెడ చుట్టూ చెయ్యి వేసి, నా చెవికి నోరు ఆనించి చెప్పిందే ఆఖరి మాట.

"శ్రుతి కుదరలేదట నానమ్మా. ఇంకా బిగిస్తున్నాడు."