ఎడమ హారన్‌లో గరగర

ఆఖరి ఆట అయ్యాక ఆ సినిమా హాల్లో తెర వెనక్కి ఎవరూ వెళ్ళరు. ఏళ్ళ తరబడి మూతపడి, ఈమధ్యే కొత్త యజమాని చేతుల్లో మళ్ళీ తెరుచుకున్న హాలది. జనం వెళ్ళిపోయి ఫ్యాన్లు ఆగాక... తెర వెనక ఎవరో గొంతు పట్టేసిన మనిషి గుసగుసలాడతాడట. మాట అర్థం కాదట, ఊపిరి మాత్రం తెలుస్తుందట. కాపలావాడు మంచం గేటు దగ్గరికి లాక్కున్నాడు. తుడిచే ఆవిడ చీపురు అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చింది. దాన్ని తెచ్చే మగాడు ఇంతవరకూ దొరకలేదు.

ఆ గొంతు ఎవరిదో కూడా జనమే తేల్చేశారు — పోయిన వానాకాలం కన్నుమూసిన గరగరాల మేస్త్రీదని. ఒకప్పుడు ఇదే హాల్లో సౌండు పని చేసిన ఆయనకి ఆ పేరు పెట్టింది పరాయివాడు కాదు, సాక్షాత్తూ తోడల్లుడు.

ఆ తోడల్లుణ్ణి చెవులాయన అంటారు. స్పీకర్లు బాగుచేస్తాడు. పక్క వీధిలో మర వదులైనా తన కొట్లో కూర్చుని చెప్పేస్తానంటాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం.

ఓ సాయంత్రం అతని కొట్టు ముందు వదినగారు వచ్చి నిలబడింది. పోయిన మేస్త్రీ భార్య, ఇప్పుడు అదే హాల్లో టికెట్లు అమ్ముతోంది.

"మరిదిగారూ, రాత్రి ఒక్కసారి వచ్చి చూడండి. ఆయనే అయితే... ఏం కావాలో అడగండి. నేనడిగితే చెప్పడం లేదు."

 మేస్త్రీకి ఏం కావాలో చెవులాయనకి తెలుసు. పోయిన పరువు.

హాలు మూతపడక ముందు నుంచీ ఆ తెర వెనక రెండు పాత హారన్లు, గరాటు మూతి స్పీకర్లు, ఉన్నాయి. హారన్ వెనక శబ్దం పుట్టించే డ్రైవర్‌లో పల్చటి రేకు ఒకటి కొట్టుకుంటుంది. దాని ముందర ఫేజ్ ప్లగ్ అని ఓ లోహపు ముద్ద ఉంటుంది. రేకు అంచు నుంచీ, నడిమి నుంచీ వచ్చే శబ్దాన్ని సన్నటి చీలికల్లోంచి పంపి, అంతా ఒకేసారి గుమ్మం దాటేలా చూడటం దాని పని. చీలికలు ఒకదానిలో ఒకటి ఇమిడిన గుండ్రటి వలయాల్లా ఉండాలని చెవులాయన వాదం. కాదు, చక్రం ఆకుల్లా నడిమి నుంచి అంచుకి పోవాలని అన్నయ్య — తోడల్లుణ్ణి అలాగే పిలిచేవాడు — నమ్మకం.

తేల్చుకుందామని ఆ రోజుల్లో ఓసారి తెర వెనక నిలబడి చెరో డ్రైవరూ బిగించారు. చెవులాయన తన రేకు ప్లగ్గుకి మరీ దగ్గరగా ఉంటే పదును పెరుగుతుందని మధ్య వేసే రింగుని అరగదీశాడు కూడా. అన్నయ్య పైన క్యాబిన్‌లో, ఏ హారన్ పలుకు ఏదో తెలియని చోట, ఆంప్లిఫయర్ దగ్గరున్నాడు. యజమానీ, ఊళ్ళో సౌండు పనివాళ్ళూ కుర్చీల్లో కూర్చున్నారు. పాట అందుకోగానే ఎడమ హారన్ గరగరలాడింది.

"నాది కుడిచేతి వైపు బిగించాను. ఎడమది అన్నయ్యదే," అన్నాడు చెవులాయన. "మా గరగరాల మేస్త్రీది."

అందరూ నవ్వారు. ఆ పేరు ఉండిపోయింది. అన్నయ్య పని పోయింది. కొన్నాళ్ళకి హాలూ మూతపడింది.

ఆ రాత్రి ఆట వదిలాక చెవులాయన మొదటి వరసలో నిలబడ్డాడు. వదినగారు కుర్చీలో కూర్చుంది. కాపలావాడూ, ఆపరేటరూ తలుపు దాటి లోపలికి రాలేదు. ఫ్యాన్లు ఆగాయి.

హ్హ్... హ్హ్...

ఎడమ నుంచి. అన్నయ్య హారన్ నుంచి. 

చెవులాయన టార్చి పట్టుకుని తెర వెనక్కి వెళ్ళాడు. దుమ్ములో చీపురు పడి ఉంది. హారన్ల వెనక నిలబడి, ఎడమచేతి వైపు డ్రైవర్‌కి చెవి ఆనించాడు.

నిశ్శబ్దం.

హ్హ్... హ్హ్...

ఈసారి వెనక నుంచి — కుడిచేతి వైపు నుంచి. గొంతు చోటు మారింది.  "అన్నయ్యా," అన్నాడు మెల్లగా, "నామీద కోపమేనా?"

హ్హ్...

పారిపోదామనుకున్నాడు. తెరకి అవతల వదినగారు ఉంది. కుడివైపు డ్రైవర్ తీగలు పీకాడు. ఊపిరి ఆగిపోయింది. మరలు విప్పి మూత ఎత్తాడు. కుంగిన రేకు ప్లగ్గుని రాసుకుని, రాసుకున్న చోట మెరుస్తోంది. రాత్రంతా వేసి ఉంచే ఆంప్లిఫయర్ సన్న హోరే ఆ రేకు చేత ఊపిరి తీయించింది. దయ్యం లేదు, గియ్యం లేదు. హమ్మయ్య అనుకుంటూ రేకు తీసి లోపలి ప్లగ్గు మీద టార్చి కొట్టాడు.

వలయాలు. ఒకదానిలో ఒకటి, తను కోయించిన వలయాలు. కింద తను అరగదీసిన రింగు.

ఇక్కడ నిలబడితే ఇది కుడిచెయ్యి. కుర్చీలో కూర్చున్నవాడికి ఎడమ. పసిపిల్లాడికి తెలిసే సంగతి. గెలిచానన్న తొందరలో, ఆనాడు అంతమంది ముందు అతనికి తట్టలేదు. తల కొట్టేసినట్టయింది. ఆ పేరు తను ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని టీ కొట్ల దగ్గర వాడి నవ్వించాడో అన్నీ వరసగా గుర్తొచ్చాయి. అన్నయ్య ఎదురుగా ఉంటే కాళ్ళ మీద పడేవాడు.

"మరిదిగారూ," తెర అవతల నుంచి వదినగారి గొంతు. "ఏమంటున్నారు?"

"అన్నయ్య కాదు వదినా."  "అది నాది... ఆనాడు గరగరలాడిందీ నాదే."



"నాకు చెప్పి ఏం లాభం," అంది వదినగారు. "తలుపు దగ్గర వాళ్ళున్నారు. మైకులో చెప్పండి."

ప్రకటనల మైకు తెర పక్కనే ఉంది. ఊడిన తీగలు ఒక చేత్తో, మైకు ఒక చేత్తో పట్టుకున్నాడు. ఇక పలకడానికి మిగిలింది అన్నయ్య హారన్ ఒక్కటే.

"గరగర మా అన్నయ్యది కాదు," అన్నాడు. "నాది. ఆ పేరు నాది."

ఖాళీ హాల్లో ఆ మాట వెనక గోడదాకా వెళ్ళింది. ఎక్కడా గరగర లేదు, ఒక్క అక్షరం చెదరలేదు. తన గొంతులోని వణుకుతో సహా అంతా స్పష్టంగా వినిపించింది.

వదినగారు కళ్ళు మూసుకుని వింటోంది.

"మళ్ళీ చెప్పండి," అంది.

మళ్ళీ చెప్పాడు.